420 పడవకు షరౌడ్లు ఎంత బిగించాలి? ఒక వైపు గాలికి బాగుంది, ఇంకో వైపు మొండికేస్తోంది

సాగర్_పిల్లోడు · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

నేనూ ఆఫీసులో ఇంకో అతనూ చెరిసగం వేసుకుని పాత 420, అంటే ఇద్దరు నడిపే చిన్న తెరచాప పడవ, ఒకటి కొన్నాం. హుస్సేన్‌సాగర్‌లోనే, శని ఆదివారాలు మాత్రమే నడుపుతాం. అంతకుముందు నాలుగేళ్లు లేజర్ అనే ఒక్కరు నడిపే చిన్న పడవ నడిపాను. దాంట్లో మాస్ట్, అంటే తెరచాప స్తంభం, రెండు ముక్కలు కలిపి గుంతలో నిలబెడితే పని అయిపోయింది, వైర్ల గొడవే లేదు. ఇక్కడేమో మాస్ట్‌ను పక్కల నుంచి పట్టుకునే వైర్లు, అటో షరౌడు, ఇటో షరౌడు, ముందు నుంచి పట్టుకునే వైరు ఫోర్‌స్టే, పైన షరౌడ్లను బయటికి నెట్టే అడ్డకర్రలు స్ప్రెడర్లు, కింద షరౌడ్లు తగిలించే చిల్లుల పట్టీలు. ఏది ముట్టుకుంటే ఏమవుతుందో తెలియక తల తిరుగుతోంది.

అసలు బాధ ఇది. గాలి ఎడమవైపు నుంచి వచ్చేటప్పుడు, అంటే పోర్ట్ టాక్‌లో, పడవ ఫర్వాలేదు. గాలి కుడివైపు నుంచి వచ్చేలా స్టార్‌బోర్డ్ టాక్‌కు తిప్పామంటే చాలు, పక్కకు పడుకుంటుంది, చుక్కాని చేతిని పీకేస్తుంది, గాలికి ఎదురు ఎక్కనే ఎక్కదు. మాతోపాటు నీళ్లలో ఉన్న ఇంకో 420 అదే గాలికి మమ్మల్ని దాటుకుంటూ పోతోంది. వదులుగా ఉందేమో అనుకుని నిన్న రెండు షరౌడ్లూ చెరో చిల్లు కిందికి దింపి, జిబ్ హాలియార్డ్ (ముందు చిన్న తెరచాపను పైకెక్కించే తాడు) ఇద్దరం వేలాడి లాగాం. ఏమీ మారలేదు. పైగా ఇప్పుడు మెయిన్ సెయిల్‌లో, అంటే పెద్ద తెరచాపలో, ముడతలు కూడా వచ్చాయి. నిమజ్జనం లోపు దీన్ని దారిలో పెట్టాలని ఉంది, ఆ తర్వాత కొన్నాళ్లు నీళ్లలోకి దిగడం ఎలాగూ కుదరదు.

షరౌడ్లు 3 మి.మీ. వైరు. టెన్షన్ ఎంత ఉండాలి?

మారుతి_మెహదీపట్నం · ఆదివారం రాత్రి 10:05

ఇంకా బిగించు బ్రో. వేలితో మీటితే టంగ్ అనాలి. వదులు రిగ్ (మాస్ట్, వైర్ల అమరిక) ఉన్నోడు రేసు గెలవడు. సింపుల్.

పాతకొయ్య · ఆదివారం రాత్రి 11:20

మారుతీ, నీ సలహా విని గతంలో ఒకరు చెయిన్‌ప్లేట్, అదే షరౌడ్‌ను పడవకు పట్టి ఉంచే లోహపు పట్టీ, పీకేసుకున్నారు, గుర్తుందా? మళ్లీ మొదలుపెట్టకు.

సాగర్ బాబూ, నీ ప్రశ్నే తిరగేసి ఉంది. టెన్షన్ ఎంత అన్నది చివర అడగాల్సిన మాట. మీ ఇంట్లో నులక మంచం ఉండేదా? మా అమ్మమ్మ వాళ్లింట్లో ఏడాదికోసారి మంచం బిగించేవాళ్లు. మంచం కోళ్లు నాలుగూ సరిగ్గా నేలకు ఆనుతున్నాయో లేదో చూడకుండా కాళ్ల వైపు తాడు లాగి లాగి కట్టావనుకో, మంచం బిగుస్తుంది, కాకపోతే వంకరగా బిగుస్తుంది. ఆ తర్వాత ఎంత లాగితే అంత వంకర. నువ్వు నిన్న చేసింది అదే.

వరస ఇది. మొదట మాస్ట్ నిటారుగా, పడవకు సరిగ్గా మధ్యలో ఉండాలి. మెయిన్ హాలియార్డ్‌కు స్టీల్ టేపు కట్టి పైదాకా లాగి, గట్టిగా కట్టేసి, టేపు కింది కొసను కుడి షరౌడ్ చెయిన్‌ప్లేట్ దగ్గర ఆనించి చదువు, తర్వాత ఎడమది. రెండూ ఒకటే రావాలి, మూడు నాలుగు మి.మీ. తేడాకు ఎవరూ చచ్చిపోరు. గుడ్డ టేపు వద్దు, సాగుతుంది, బట్టలు కొలిచే టేపు అసలే వద్దు. పాత పడవ అంటున్నావు కాబట్టి చెయిన్‌ప్లేట్లు రెండూ ముందు కొస నుంచి సమాన దూరంలో ఉన్నాయో లేదో అది కూడా కొలుచుకో. ఫైబర్ పడవల్లో ఎప్పుడో రిపేరు చేసి ఒకటి ఒక వేలు వెనక్కి బిగించినవి నేను చూశాను.

రెండోది రేక్, అంటే మాస్ట్ వెనక్కి ఎంత వాలింది అన్నది. అదే టేపు ట్రాన్సమ్ (పడవ వెనక గోడ) పై అంచు మధ్యలో ఆనించి చదువు, కానీ జిబ్ ఎక్కించి టెన్షన్ వేశాకే చదవాలి. 420లో జిబ్ హాలియార్డే రిగ్‌ను బిగించేది. అది లాగగానే ఫోర్‌స్టే వదులైపోతుంది, దాన్ని చూసి భయపడకు, అది జిబ్ దింపినప్పుడు మాస్ట్ పడిపోకుండా పట్టుకోవడానికే. రేక్ ఎక్కువైతే, అంటే టేపు చూపే కొలత తగ్గితే, సెయిల్ బలం వెనక్కి జరుగుతుంది, చుక్కాని పీకుడు పెరుగుతుంది. చిల్లుల పట్టీలో ఒక చిల్లు మార్చావంటే మారేది టెన్షన్ ఒక్కటే కాదు, రేక్ కూడా. నిన్న చిల్లు దింపినప్పుడు నీకు తెలియకుండా ఎంత మారిందో!

మూడోది ప్రీబెండ్, అంటే మాస్ట్ ముందుగానే ఎంత వంగి ఉంది అన్నది. మెయిన్ హాలియార్డ్ కొసను గూస్‌నెక్ (తెరచాప అడుగున ఉండే బూమ్ కర్ర మాస్ట్‌కు తగిలే చోటు) దగ్గర మాస్ట్ వెనక ముఖానికి ఆనించి బిగలాగి పట్టుకుంటే, అది సరళ రేఖ. స్ప్రెడర్ల దగ్గర మాస్ట్‌కూ ఆ తాడుకూ మధ్య ఎంత సందుందో చూడు. ఈ మూడూ నోట్‌బుక్‌లో రాసుకున్నాకే టెన్షన్ మాట ఎత్తు. పడవ ట్రాలీ మీద ఒరిగి ఉంటే ఇవన్నీ దండగ, ముందు దాన్ని సమంగా పెట్టు.

గుర్రపుడెక్క · సోమవారం ఉదయం 7:15

పాతకొయ్య గారు మంచం దాకా వెళ్లారు కాబట్టి నేను కరెంటు స్తంభం దాకా వెళ్తాను. రోడ్డు మలుపులో స్తంభానికి స్టే వైరు వేస్తారు చూడండి, అదే ఇది. కాకపోతే అక్కడ స్తంభం కదలకూడదు, ఇక్కడ మాస్ట్ మనం చెప్పినంత మేరకే కదలాలి.

ఇంకో మాట, ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్తా. కొలతలకంటే ముందు పిన్నులు చూసుకో. పోయినేడాది నా పడవ మాస్ట్ హుస్సేన్‌సాగర్ నడిమధ్యలో పడిపోయింది. కారణం షరౌడ్ కింద దాన్ని పట్టీకి కలిపే క్లెవిస్ పిన్నుకు ఉండాల్సిన చిన్న రింగు, కీచైన్‌కు ఉండేలాంటిది, అది లేదు. అంతే. జిబ్ తాడు రాసుకుని రాసుకుని దాన్ని విప్పదీసింది. పిన్ను మెల్లగా జారింది. మేం టాక్ తిప్పుతుండగా పైన ఆకాశం ఖాళీ అయిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, నెత్తిన పడలేదు, అంతవరకు మా అమ్మ మొక్కులు పనిచేశాయి. ఐదు రూపాయల రింగు. ఇప్పుడు ప్రతి రింగు మీదా రెండు చుట్లు టేపు వేస్తాను.

సాగర్_పిల్లోడు · సోమవారం ఉదయం 9:02

థాంక్స్ బాబాయ్, మీరు చెప్పినట్టే వరసగా చేస్తా. శనివారం దాకా పడవ దగ్గరికి వెళ్లే వీలు లేదు. వైరు టెన్షన్ కొలిచే లూస్ గేజ్ అనే పరికరం కొనమని ఒకాయన చెప్పారు, బయటి నుంచి తెప్పించాలట, ధర చూసి కళ్లు తిరిగాయి. అది లేకుండా టెన్షన్ తెలుసుకునే మార్గం ఉందా?

వీణ_టీచరమ్మ · సోమవారం మధ్యాహ్నం 2:30

మా అబ్బాయి ఆప్టిమిస్ట్ (పిల్లల తెరచాప పడవ) నడుపుతాడు, ఒడ్డున కూర్చుని చూడడమే నా పని. పడవల గురించి నాకేం తెలియదు, తీగల గురించి మాత్రం తెలుసు. ఎంత టెన్షన్ అన్నది చెవి చెప్పలేదేమో గానీ రెండు తీగలు సమానమా కాదా అన్నది చెప్తుంది. రెండు వైర్లనూ ఒకే ఎత్తులో మీటి వినండి. శ్రుతి తేడా ఉంటే ఇట్టే తెలిసిపోతుంది.

లెక్కల_బాబు · సోమవారం సాయంత్రం 6:48

టీచర్ గారూ, ఆలోచన బాగుంది, కానీ ఇక్కడ చెవికి ఒక చిక్కుంది. 3 మి.మీ. 1×19 (పంతొమ్మిది పోగులు కలిపి పేనిన) స్టీల్ వైరు మీటరుకు సుమారు 44 గ్రాములు తూగుతుంది. డెక్ నుంచి స్ప్రెడర్ దాకా 2.7 మీటర్లు అనుకుందాం. 100 కేజీల టెన్షన్ పెడితే ఆ ముక్క సెకనుకు సుమారు 28 సార్లు ఊగుతుంది. మనిషి చెవి మొదలయ్యేదే 20 దగ్గర. అంటే మీకు వినిపించేది అసలు స్వరం కాదు, దాని మీద తేలే పై స్వరాలు, ఇంకా చిల్లుల పట్టీ గలగల.

రెండో చిక్కు. టెన్షన్ రెట్టింపు చేసినా శ్రుతి రెట్టింపు కాదు, 1.4 రెట్లే పెరుగుతుంది. ఒక స్థాయి, అంటే కింది స నుంచి పై స దాకా, పైకెక్కాలంటే టెన్షన్ నాలుగింతలు కావాలి. కాబట్టి మారుతి గారి 'టంగ్' వినిపించేలోపు పడవ ముడుచుకుపోతుంది 😄 ఎడమా కుడీ పోల్చుకోవడానికి మాత్రం టీచర్ గారి పద్ధతి పనికొస్తుంది. చెవి కాకపోతే వైరును వేళ్లతో పట్టుకుని ఒకసారి తోసి, ఫోన్‌లో స్లో మోషన్ తీసి ఊపులు లెక్కపెట్టండి.

వీణ_టీచరమ్మ · సోమవారం రాత్రి 8:10

నాలుగింతల సంగతి మాకు చేతివేళ్లకు తెలుసు నాయనా, లెక్క ఇవాళ తెలిసింది. తెంపుకున్న తీగలన్నీ గుర్తొచ్చాయి.

విశాఖ_కీల్‌బోట్ · సోమవారం రాత్రి 10:55

పుట్టింది సికింద్రాబాద్, ఇప్పుడు ఉండేది వైజాగ్, అందుకని రెండు వైపులా వేలు పెట్టే హక్కు ఉంది.

గేజ్ లేకుండా కొలిచే పద్ధతి ఉంది, మా పెద్ద పడవల్లో చేస్తాం. మాస్ట్‌లు తయారుచేసే సెల్డెన్ వాళ్ల పుస్తకంలో కూడా ఇదే ఉంటుంది. వైరు వదులుగా, చేత్తో బిగించినంత మాత్రమే ఉన్నప్పుడు సరిగ్గా 2 మీటర్ల పొడవు గుర్తుపెట్టి, మడత స్కేలు పై కొసను వైరుకు టేపుతో అతికించేస్తాం. టర్న్‌బకిల్ (వైరును బిగించే మర) తిప్పే కొద్దీ వైరు సాగుతుంది, స్కేలు సాగదు, కింద సందు ఏర్పడుతుంది. 1×19 వైరుకు ఆ 2 మీటర్లలో 1 మి.మీ. సాగితే తెగే బరువులో 5 శాతం ఎక్కినట్టు. 3 మి.మీ. సాగితే 15 శాతం. వైరు మందం ఎంతైనా లెక్క ఇదే, అదీ దీంట్లో అందం. నీ 3 మి.మీ. వైరు తెగే బరువు సుమారు 700 కేజీలు, 15 శాతం అంటే నూటఐదు.

మాకు పైషరౌడ్లు వేరు, కింది షరౌడ్లు వేరు, వెనక బ్యాక్‌స్టే వేరు. పైవి మాస్ట్ కొసను మధ్యలో నిలబెడతాయి, కిందివి నడుము వంగకుండా చూస్తాయి. అందుకే ముందు పైవి, తర్వాత కిందివి, ఆ తర్వాత నీళ్లలో తేల్చుకోవడం. ఒడ్డున ఎంత కొలిచినా అసలు పరీక్ష నీళ్లలోనే. గాలికి ఎదురు నడుపుతూ 20 డిగ్రీల దాకా ఒరిగినప్పుడు కింది వైపు షరౌడ్, అంటే గాలి తగలని వైపుది, అప్పుడప్పుడే వదులవ్వాలి. దండెం మీద బట్టలాగా ఊగిపోతే టెన్షన్ చాలదు. రెండు టాక్‌ల మీదా చూసి, ఎటు ఎన్ని తిప్పులు తిప్పావో లెక్కపెట్టుకో. ఇంకోటి, స్టెయిన్‌లెస్ మరలు పొడిగా తిప్పితే ఒకదాన్నొకటి కరుచుకుని ఇక విడిపోవు, గ్రీజు రాయకుండా చేయి వేయొద్దు. నేను ఒక టర్న్‌బకిల్‌ను రంపంతో కోయాల్సి వచ్చింది.

మారుతి_మెహదీపట్నం · మంగళవారం ఉదయం 8:20

సరే సరే, అందరూ నా మీద పడ్డారు. కానీ వదులు రిగ్‌తో జిబ్ ముందు అంచు సంచిలా పక్కకు వాలిపోతుంది కదా, అప్పుడు గాలికి ఎదురు ఎక్కదు. అది అబద్ధమా?

పాతకొయ్య · మంగళవారం ఉదయం 8:45

అబద్ధం కాదు, నువ్వు చెప్పింది నిజమే. జిబ్ ముందు అంచు వాలితే సెయిల్ లావవుతుంది, బలం వస్తుంది కానీ ఎదురు ఎక్కదు. అయితే ఆ జబ్బు రెండు టాక్‌ల మీదా ఉండాలి. ఈ అబ్బాయికి ఒక వైపే ఉంది. రోగం ఒకటి, నువ్విచ్చే మందు ఇంకోటి.

సాగర్_పిల్లోడు · శనివారం రాత్రి 8:30

ఇవాళ పొద్దున ఆరున్నరకే వెళ్లి మధ్యాహ్నం దాకా టేపు పట్టుకునే ఉన్నాను. నా పార్ట్‌నర్ వాళ్లావిడ ఫోన్ చేసి పడవ కొలుస్తున్నారా, కుట్టుకుంటున్నారా అని అడిగింది.

చిల్లులు రెండూ పాత చోటికే తెచ్చాను. మాస్ట్ కొస నుంచి కుడి చెయిన్‌ప్లేట్‌కు, ఎడమ చెయిన్‌ప్లేట్‌కు తేడా 3 మి.మీ. చెయిన్‌ప్లేట్లు ముందు కొస నుంచి సమానంగానే ఉన్నాయి. రేక్ 6 మీటర్ల 8 సెం.మీ. వైర్లు రెండూ మీటి చూశాను, నా చెవికి తేడా తెలియలేదు, ఫోన్ వీడియోలో కూడా దాదాపు ఒకటే. అంటే అన్నీ బాగానే ఉన్నాయి. మధ్యాహ్నం నీళ్లలో దించితే మళ్లీ అదే కథ! నెక్లెస్ రోడ్ వైపు నుంచి గాలి ఒక్కో విసురు పది పన్నెండు నాట్లు ఉంటుందేమో, పోర్ట్ మీద హాయిగా, స్టార్‌బోర్డ్ మీద కుస్తీ.

పరేషాన్ అయిపోయి పడవ ముక్కు గాలికి ఎదురు పెట్టి ఊరికే కూర్చున్నాం కాసేపు. పోయినవారం తీసిన వీడియో పెడుతున్నాను, టెన్షన్ ఎక్కువ పెట్టినప్పటిది. ముడతలు కనిపిస్తాయి, బూమ్ కొస మూల నుంచి మాస్ట్ మధ్యలోకి ఏటవాలుగా. అవి కూడా పోర్ట్ మీదే ఉన్నాయి, ఇంకో వైపు లేవు, ఎందుకో.

గాలివాటం · శనివారం రాత్రి 9:05

ఆగు ఆగు. చివరి వాక్యం మళ్లీ చదువుకో తమ్ముడూ. అసలు సంగతి దాంట్లోనే ఉంది.

ఆ ఏటవాలు ముడతలు మాస్ట్ మరీ ఎక్కువ వంగినప్పుడు వస్తాయి. మాస్ట్ నడుము ముందుకు తోసుకెళ్తే సెయిల్‌లోని గుడ్డ చాలక అక్కడ లాగేస్తుంది. అది పోర్ట్ మీద వస్తోంది, స్టార్‌బోర్డ్ మీద రావడం లేదు అంటే నీ మాస్ట్ ఒక టాక్ మీద ఎక్కువ వంగుతోంది, ఇంకో టాక్ మీద వంగడం లేదు. వంగని వైపు సెయిల్ లావుగా ఉంటుంది. లావుగా ఉంటే పడవ పడుకుంటుంది, చుక్కాని పీకుతుంది, ఎదురు ఎక్కదు. నువ్వు మొదటి రోజు రాసింది అక్షరం అక్షరం అదే.

మాస్ట్ కొస మధ్యలోనే ఉందని కొలిచావు, సంతోషం. కానీ నడుము సంగతి కొస చెప్పదు, స్ప్రెడర్లు చెప్తాయి. వెనక్కి వాలిన స్ప్రెడర్ షరౌడ్‌ను వెనక్కి నెడుతుంది, షరౌడ్ తిరిగి మాస్ట్ నడుమును ముందుకు నెడుతుంది. బరువు ఎప్పుడూ గాలి వచ్చే వైపు షరౌడ్ మీదే. పోర్ట్ మీద ఎడమ స్ప్రెడర్ మాట చెల్లుతుంది, స్టార్‌బోర్డ్ మీద కుడిది. కుడి స్ప్రెడర్ ముందుకు జరిగి ఉందని నా పందెం, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు.

రేపు ఒక నిటారు కర్ర, అల్యూమినియం గొట్టం అయినా సరే, రెండు షరౌడ్లకూ స్ప్రెడర్ కొసల దగ్గర అడ్డంగా ఆనించి, అక్కడి నుంచి మాస్ట్ వెనక ముఖానికి దూరం కొలువు. ముందు ఒక కొసను, తర్వాత ఇంకో కొసను విడివిడిగా చూసుకో. మాస్ట్ పడుకోబెట్టి కొలిచినా సరే.

సాగర్_పిల్లోడు · ఆదివారం మధ్యాహ్నం 1:15

అక్కా, మాస్ట్ దింపి రెండు స్టూళ్ల మీద పెట్టి కొలిచాను. తేడా 5 మి.మీ. అంతే. చాయ్ మీరే పోయాలి అనుకుంటా 😔

గాలివాటం · ఆదివారం మధ్యాహ్నం 1:22

టెన్షన్ లేకుండా కొలిచావా?

సాగర్_పిల్లోడు · ఆదివారం మధ్యాహ్నం 1:24

మాస్ట్ స్టూళ్ల మీద ఉంది కదా, టెన్షన్ ఎక్కడిది.

గాలివాటం · ఆదివారం మధ్యాహ్నం 1:40

అదీ మరి! పడుకోబెట్టి కొలవమని చెప్పింది నేనే, ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. కానీ బరువు పడ్డాక షరౌడ్ తిన్నగా అవ్వాలని చూస్తుంది, స్ప్రెడర్ కొసను ముందుకు తోస్తుంది. బ్రాకెట్ గట్టిగా ఉంటే కదలదు. లోపల ఎక్కడైనా వదులు ఉంటే చెప్పకుండా జరుగుతుంది. స్టూళ్ల మీద అది మంచి పిల్లలా కూర్చుంటుంది. మాస్ట్ నిలబెట్టి, జిబ్ ఎక్కించి, టెన్షన్ వేసి, నిచ్చెన ఎక్కి కొలువు. ఇంకో మార్గం, పడవ వెనక నేల మీద పడుకుని మాస్ట్ గాడి వెంట పైకి చూడు, కుడి స్ప్రెడర్, ఎడమ స్ప్రెడర్ ఒకే గీతలో ఉన్నాయో లేదో కంటికే తెలుస్తుంది.

గుర్రపుడెక్క · ఆదివారం మధ్యాహ్నం 2:00

చాయ్ పందెంలో నేను కూడా ఉన్నాను. ఎటువైపో తర్వాత చెప్తా.

సాగర్_పిల్లోడు · ఆదివారం సాయంత్రం 6:50

అక్కా, దండం.

24 మి.మీ. కుడి స్ప్రెడర్ కొస ఎడమదానికంటే 24 మి.మీ. ముందుకు ఉంది, టెన్షన్ వేసినప్పుడు. హాలియార్డ్ వదిలేస్తే మళ్లీ వెనక్కి వచ్చి కూర్చుంటోంది. నిచ్చెన మీద నేను, కింద హాలియార్డ్ దగ్గర పార్ట్‌నర్, వాడు లాగుతుంటే నా కళ్ల ముందే మెల్లగా ముందుకు జరిగింది. రెండు మూడుసార్లు లాగించి వదిలించి చూశాను, నమ్మబుద్ధి కాక.

బోల్టు విప్పి చూస్తే స్ప్రెడర్ మొదట్లో చిల్లు గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా అయిపోయింది. బోల్టు చుట్టూ తెల్లటి పొడి. ఆ పక్కనే నొక్కుడు మచ్చ ఉంది. మాస్ట్ ఎప్పుడో కుడి పక్కకు పడినట్టుంది, మాకు అమ్మినాయన చెప్పలేదు, మేమూ అడగలేదు. మేమేమో ఆ రోజు రంగు బాగుందా, కింద చెమ్మ ఉందా అని చూసుకున్నాం తప్ప తల ఎత్తి పైకి చూడలేదు.

పాతకొయ్య · ఆదివారం రాత్రి 7:30

శభాష్. తెల్ల పొడి ఎందుకంటే బోల్టు స్టెయిన్‌లెస్, స్ప్రెడర్ అల్యూమినియం, మధ్యలో తడి. రెండు లోహాలు కలిసి నీళ్లు తాగితే అరిగేది అల్యూమినియమే. సాగర్ నీళ్ల సంగతి నీకు చెప్పాలా, పడవ కడగకుండా పెడితే ట్రాలీ బేరింగులే తినేస్తాయి.

చిల్లు పెంచి పెద్ద బోల్టు వేయొద్దు, అందరికీ మొదట తట్టేది అదే. అక్కడ గోడ మందం తగ్గిపోయి ఈసారి చీలిపోతుంది. బాలానగర్‌లో లేత్ పని చేసేవాళ్లు ఎవరైనా చిల్లులో దూర్చే చిన్న గొట్టం, స్లీవ్, చేసిస్తారు. చిల్లును గుండ్రంగా చేయించి, స్లీవ్ దూర్చి, బోల్టు పాత సైజుదే వేయి. బోల్టుకు లానోలిన్ లాంటిది పూసి పెట్టు. రెండు వైపులా చేయించు, ఒక్కటే చేయిస్తే మళ్లీ అసమానం.

లెక్కల_బాబు · ఆదివారం రాత్రి 8:15

వైర్లు మీటితే సమానంగా ఎందుకు వచ్చాయో ఇప్పుడు అర్థమైందా? రెండు షరౌడ్లూ మాస్ట్‌ను సమానంగానే లాగుతున్నాయి, లాగకపోతే కొస పక్కకు పోయేది. కొలత తప్పు కాదు, అడిగిన ప్రశ్న వేరు.

విశాఖ_కీల్‌బోట్ · ఆదివారం రాత్రి 9:00

పని ఎలాగూ పెట్టుకున్నావు కాబట్టి వైర్లు కూడా చూసేయ్. పేపర్ నాప్‌కిన్ పట్టుకుని పైనుంచి కిందిదాకా తుడువు, ఒక్క పోగు తెగినా కాగితం చిక్కుకుంటుంది, చెయ్యి పెట్టి తుడిచావా రక్తం వస్తుంది. 1×19లో పంతొమ్మిది పోగులే, ఒకటి తెగిందంటే వైరు మార్చాల్సిందే, రెండు వైపులా. వైరు కొస ఫిట్టింగులోకి దూరే చోట తుప్పు గీత కనిపించినా అంతే. తెగేది ఎప్పుడూ అక్కడే.

మారుతి_మెహదీపట్నం · ఆదివారం రాత్రి 9:25

వైరు మార్చాల్సి వస్తే రాణిగంజ్ వెళ్లే ముందు నా మాట విను, ఈసారి నిజంగా పనికొచ్చేదే. నేను ఒక షాపులో స్టెయిన్‌లెస్ వైరే కొన్నాను. కొసకు ఉంగరం మడిచి అక్కడే ప్రెస్ చేసిచ్చారు, మెరిసిపోతూ ఉంది. ఆ మడతను పట్టుకునే చిన్న గొట్టం అల్యూమినియం ఫెర్రూల్. ఒక్క వానాకాలానికి తెల్లబడి పొరలు ఊడింది. స్టెయిన్‌లెస్ వైరుకు రాగి ఫెర్రూల్ వేయాలని తర్వాత తెలిసింది. పైగా లిఫ్ట్‌లకు వాడే మెత్తటి వైరు ఇస్తారు, అది సన్నపోగుల వైరు, షరౌడ్‌కు వాడితే సాగుతూనే ఉంటుంది. 1×19 అని నోటితో చెప్పకు, కొస కోయించి పోగులు లెక్కపెట్టు.

పాతకొయ్య · ఆదివారం రాత్రి 9:31

మారుతీ, నీకు ఇవాళ ఏమైంది?

సాగర్_పిల్లోడు · తర్వాతి శనివారం రాత్రి 10:10

రిపోర్టు. బాలానగర్‌లో ఒక పెద్దాయన స్లీవులు చేసిచ్చారు. ఇది దేనికి అని అడిగితే పడవకి అన్నాను, హైదరాబాద్‌లో పడవా అని మూడుసార్లు అడిగి, బుద్ధుడి బొమ్మ దగ్గరికి తీసుకెళ్లే లాంచీ అనుకున్నారు. తెరచాప పడవ అని చెప్పి ఫోన్‌లో ఫొటో చూపిస్తే డబ్బులు కొంచెం తగ్గించుకున్నారు.

వైర్లు బాగున్నాయి, నాప్‌కిన్ ఎక్కడా చిక్కుకోలేదు. ఒక క్లెవిస్ పిన్నుకు రింగు బదులు బైండింగ్ వైరు చుట్టి ఉంది, గుర్రపుడెక్క అన్నా, మీ పోస్టు చదవకపోతే అది చూసేవాణ్ణే కాదు. అన్నిటికీ కొత్త రింగులు, టేపు.

టెన్షన్ వేసి నిచ్చెన ఎక్కి కొలిస్తే స్ప్రెడర్ల తేడా 2 మి.మీ. రేక్ మార్చలేదు. టెన్షన్ కూడా మొదట్లో ఉన్నంతే, నేను ఇద్దరితో వేలాడి లాగినదానికంటే తక్కువ. నీళ్లలో దించాం. సంజీవయ్య పార్క్ వైపు నుంచి బయల్దేరి మొదటి టాక్ స్టార్‌బోర్డ్. నేను చుక్కాని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను అలవాటు కొద్దీ, అది పీకలేదు. రెండు వేళ్లతో నడిపాను. పార్ట్‌నర్ ట్రాపీజ్ (ఒరుగు ఆపడానికి పడవ బయటికి వేలాడే వైరు) మీద వేలాడుతూ ఏమైంది గాలి తగ్గిందా అని అడుగుతున్నాడు, పక్కనున్న 420 వాళ్లు చూస్తే ట్రాపీజ్ మీద పూర్తిగా బయటే ఉన్నారు! కింది వైపు షరౌడ్ కొంచెం వదులవుతోంది, రెండు టాక్‌ల మీదా ఒకేలా. ముడతలు లేవు. బుద్ధుడి వెనక గాలి చచ్చిపోయే చోట ఎప్పటిలాగే ఆగిపోయాం, దానికి స్ప్రెడర్ల దోషం లేదు.

ఒక్క సందేహం మిగిలింది. గట్టి విసురు వచ్చినప్పుడు ఇంకా కొంచెం ఒరుగుతోంది, ఇప్పుడు రెండు వైపులా సమానంగా. స్ప్రెడర్లు రెండూ ఇంకాస్త వెనక్కి వాల్చాలా, రేక్ పెంచాలా?

గాలివాటం · శనివారం రాత్రి 10:30

రెంటినీ ఒకేరోజు ముట్టుకోకు. మీ ఇద్దరి బరువు కలిపి ఎంత? ముందు అది చెప్పు.

సాగర్_పిల్లోడు · శనివారం రాత్రి 10:33

నూట పద్దెనిమిది కేజీలు. బిర్యానీకి ముందు.

గాలివాటం · శనివారం రాత్రి 10:41

అయితే ముందు రేక్. ఒక చిల్లు కిందికి, రెండు వైపులా, జిబ్ టెన్షన్ అంతే ఉంచు, ట్రాన్సమ్ కొలత మళ్లీ రాసుకో. వచ్చే ఆదివారం నేను కూడా వస్తున్నా. చాయ్ బాకీ అప్పుడే తీరుస్తావు, ఉస్మానియా బిస్కెట్లు మర్చిపోకు.

గుర్రపుడెక్క · శనివారం రాత్రి 10:44

నేను పందెంలో గెలిచిన వైపే ఉన్నానని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. మూడు చాయ్‌లు చెప్పు.